బంజీ ఎన్నిసార్లు చేతులు మారినా చూడాల్సింది ఒకటే: తర్వాతి ఆట దాకా జీతాలు ఎవరిస్తున్నారు?

బంజీ అనే అమెరికా గేమ్ స్టూడియో చేసిన ఆన్‌లైన్ తుపాకుల ఆట డెస్టినీని మొదటి భాగం నుంచి ఆడుతున్నానని మీరు రాశారు. బంజీని మైక్రోసాఫ్ట్ కొన్నది, వదిలేసింది. యాక్టివిజన్‌తో పదేళ్లకని కుదిరిన ఒప్పందం మధ్యలో తెగిపోయింది. సోనీ కొన్నది. 2025లో సీఈవో కూడా మారారు. ఒక స్టూడియో ఇన్నిసార్లు ఎందుకు చేతులు మారుతుంది, మారినప్పుడు లోపల నిజంగా ఏం మారుతుంది, కొత్త సీఈవో వస్తే ఆట బాగుపడుతుందా అన్నవి మీ మూడు ప్రశ్నలు.

నేను గేమ్ ప్రొడక్షన్‌లో చాలా ఏళ్లుగా ఉన్నాను. బంజీలో ఎప్పుడూ పనిచేయలేదు. కానీ ఆటకు డబ్బు పెట్టి అమ్మే పబ్లిషర్‌కి బిల్డ్ (అప్పటిదాకా తయారైన ఆట రూపం) పంపి, వాళ్లు ఓకే అంటే తప్ప డబ్బు రాని పద్ధతిలో పనిచేశాను. పనిచేస్తున్న స్టూడియో అమ్ముడుపోవడం లోపల ఉండి చూశాను. బంజీ గురించి బయటికొచ్చిన కోర్టు కాగితాలూ, సోనీ ఆర్థిక ఫలితాలూ చదివేటప్పుడు ఆ అనుభవం పనికొచ్చింది.

నా జవాబు ముందే చెప్తాను. షేర్లు ఎవరి పేరు మీద ఉన్నాయో చూస్తే బంజీ కథ సగమే అర్థమవుతుంది. తర్వాతి ఆట తయారయ్యేదాకా జీతాలు ఎవరి డబ్బుతో నడుస్తున్నాయి, ఆ డబ్బుకు బదులుగా స్టూడియో ఏం వదులుకుంది అన్నది చూడాలి. బంజీ ప్రతి మలుపులోనూ ఏదో ఒకటి వదులుకుంది. ఒకసారి ఆట మీద హక్కులు, ఒకసారి విడుదల తేదీల మీద పట్టు, ఆఖరికి తన నిర్ణయాలు తాను తీసుకునే అధికారమే.

మొదటి నుంచీ వస్తాను. 1991లో షికాగోలో అలెక్స్ సెరోపియన్ అనే విద్యార్థి బంజీని మొదలుపెట్టారు. కాలేజీలో పరిచయమైన జేసన్ జోన్స్ తన ఆటతో వచ్చి చేరారు. మొదట్లో ఆటల డబ్బాలు కూడా సెరోపియన్ ఇంట్లోనే కూర్చుని చేత్తో సర్దేవారు. మ్యాక్ కంప్యూటర్లకు ఆటలు చేసేవాళ్లు తక్కువ కాబట్టి ఆ చిన్న మార్కెట్‌లో బంజీకి గట్టి పేరొచ్చింది. 1994లో మారథాన్, 1997లో మిత్. తామే తయారుచేసి, తామే అచ్చేసి, తామే అమ్ముకునేవాళ్లు. అప్పుడు బంజీకి పబ్లిషర్ లేడు. నిజమైన స్వతంత్రం అంటే అదే.

దాన్ని దెబ్బకొట్టింది ఒక చిన్న బగ్. 1998 చివర్లో మిత్ 2 కాపీలు తయారై డబ్బాల్లో పడ్డాక, దాని అన్‌ఇన్‌స్టాలర్‌లో లోపం బయటపడింది. ఆటను మామూలు ఫోల్డర్‌లో కాకుండా నేరుగా డ్రైవ్ మీదే ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్లు తర్వాత దాన్ని తీసేస్తే, ఆటతోపాటు డ్రైవ్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోయేది. కొంతమందికే ఆ పరిస్థితి వస్తుంది, తర్వాత ప్యాచ్ ఇద్దాంలే అని ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. దాదాపు 2 లక్షల కాపీలు వెనక్కి తెప్పించి మళ్లీ తయారుచేయించారు. ఖర్చు సుమారు 8 లక్షల డాలర్లని తర్వాత చెప్పుకున్నారు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆ కుర్రాళ్ల మీద నాకు గౌరవం పెరుగుతుంది. కానీ అప్పటి బంజీకి అంత డబ్బంటే మాటలు కాదు. ఒకేసారి రెండు టీములు నడుస్తున్నాయి. షికాగోలో ఒకటి, కాలిఫోర్నియాలో ఓని అనే ఆట చేస్తున్నది ఇంకొకటి. చేతిలో నగదు తరిగిపోయింది. 1999లో టేక్-టూ అనే పబ్లిషర్‌కి 19.9 శాతం వాటా అమ్మారు.

అదే ఏడాది జులైలో మ్యాక్‌వరల్డ్ వేదిక మీద స్టీవ్ జాబ్స్ స్వయంగా బంజీ కొత్త ఆట హేలోని పరిచయం చేశారు. ఏడాది తిరగకుండానే, 2000 జూన్ 19న, బంజీని కొంటున్నట్టు మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. జాబ్స్‌కి బాగా కోపమొచ్చి మైక్రోసాఫ్ట్ సీఈవో స్టీవ్ బామర్‌కి ఫోన్ చేశారని అప్పుడు మైక్రోసాఫ్ట్ ఆటల విభాగం చూసిన ఎడ్ ఫ్రైస్ తర్వాత చెప్పారు. ఎక్స్‌బాక్స్ అనే మైక్రోసాఫ్ట్ కొత్త గేమింగ్ పెట్టె వస్తోంది, దానికి మోత మోగించే ఆట ఒకటి కావాలి. బంజీకి డబ్బు కావాలి. మిత్, ఓని హక్కులు టేక్-టూకి వెళ్లిపోయాయి. హేలో మైక్రోసాఫ్ట్ సొంతమైంది. టీమంతా సామాను సర్దుకుని మైక్రోసాఫ్ట్ ఉండే రెడ్‌మండ్ చేరింది.

హేలో సంగతి మీకు తెలిసిందే కాబట్టి త్వరగా దాటేస్తాను. 2001 నవంబరులో మొదటిది, 2004లో రెండోది, 2007 సెప్టెంబరులో మూడోది. మూడోది అమెరికాలో మొదటిరోజే 17 కోట్ల డాలర్ల అమ్మకాలు చేసింది. సెరోపియన్ 2002లోనే వెళ్లిపోయి వేరే స్టూడియో పెట్టుకున్నారు. జోన్స్ ఉండిపోయారు. మిగిలినవాళ్లలో మాత్రం హేలో తప్ప ఇంకో ఆట చేసే దారి కనిపించడం లేదన్న అసంతృప్తి పెరిగింది.

హేలో 3 విడుదలైన పది రోజులకే, 2007 అక్టోబర్ 5న, బంజీ మైక్రోసాఫ్ట్ నుంచి విడిపోతున్నట్టు ప్రకటన వచ్చింది. మైక్రోసాఫ్ట్ చిన్న వాటా ఉంచుకుంది, హేలోని పూర్తిగా ఉంచుకుంది. ఏళ్ల తరబడి దున్ని పంట పండించిన కౌలు రైతు పొలం వదిలేసి వచ్చినట్టే. పైగా వెంటనే కాదు, ఇంకో రెండు హేలో ఆటలు చేసి ఇచ్చాకే. 2009లో ఓడీఎస్‌టీ, 2010లో రీచ్. ఆ తర్వాత హేలో బాధ్యత మైక్రోసాఫ్ట్ కొత్తగా పెట్టిన 343 ఇండస్ట్రీస్‌కి వెళ్లింది.

ఈ 2007 నిర్ణయాన్ని చాలామంది గొప్ప తెగువ అంటారు. తెగువే, కాదనను. కానీ అప్పుడు బంజీ చేతిలో ఏముందో చూడండి. పేరుంది, మనుషులున్నారు. ఆట లేదు, నాలుగైదేళ్లు కొత్త ఆట తయారుచేసేందుకు సరిపడా డబ్బూ లేదు. అలాంటి స్టూడియో ఎవరో ఒకరి దగ్గరికి వెళ్లక తప్పదు. 2010 ఏప్రిల్‌లో యాక్టివిజన్‌తో పదేళ్ల ఒప్పందం ప్రకటించారు.

మీ ప్రశ్నకు అసలైన సమాధానం ఆ ఒప్పందంలో ఉంది. మామూలుగా ఇలాంటి కాగితాలు బయటికి రావు. యాక్టివిజన్‌కీ, ఇంకో స్టూడియో మాజీ అధిపతులకీ మధ్య నడిచిన కోర్టు కేసులో భాగంగా 2012లో ఇది బయటపడింది. డెస్టినీ అనే కోడ్ పేరుతో నాలుగు ఆటలు, 2013 శరదృతువుతో మొదలుపెట్టి ఏడాది విడిచి ఏడాదికొకటి. మధ్య సంవత్సరాల్లో కామెట్ అనే పేరుతో నాలుగు పెద్ద ఎక్స్‌పాన్షన్లు, అంటే ఆటకు తర్వాత కలిపే అదనపు భాగాలు. నిర్వహణ లాభంలో బంజీకి 20 నుంచి 35 శాతం దాకా రాయల్టీ. మొదటి ఆటకి సమీక్షల సగటు చూపే గేమ్‌ర్యాంకింగ్స్ సైట్‌లో 90 పాయింట్లు వస్తే అదనంగా 25 లక్షల డాలర్ల బోనస్. చివరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది: డెస్టినీ మీద హక్కులు బంజీవే.

హేలోతో తగిలిన దెబ్బ నుంచి బంజీ నేర్చుకున్నది ఆ చివరి షరతు. ఎంత కష్టపడి సాధించుకున్నారో ఊహించగలను. కోట్ల డాలర్లు పెట్టే పబ్లిషర్ హక్కులు తనకే కావాలని పట్టుబడతాడు. సాధారణంగా స్టూడియోలు అక్కడే లొంగిపోతాయి. బంజీ లొంగలేదు. దానికి బదులుగా క్యాలెండర్ ఇచ్చేసింది. ఏ ఏడాది ఏ ఆట రావాలో, ఇంకా ఒక్క లెవెల్ కూడా తయారుకాని రోజున, పదేళ్లకు సరిపడా రాసి సంతకం పెట్టింది.

ప్రొడక్షన్‌లో పనిచేసినవాళ్లకు ఆ తేదీల వరస చూస్తేనే టెన్షన్ వస్తుంది. మైల్‌స్టోన్ పద్ధతి ఎలా నడుస్తుందో తెలియనివాళ్ల కోసం చెప్తాను. ఆటను ముక్కలుగా విడగొట్టి, ఏ తేదీకి ఏం చూపించాలో కాగితం మీద రాసుకుంటారు. ఫలానా తేదీకి మూడు లెవెల్స్ మొదటి నుంచి చివరిదాకా ఆడగలిగేలా ఉండాలి, ఇద్దరు బాస్‌లు (పెద్ద శత్రువులు) ఉండాలి, మల్టీప్లేయర్‌లో ఇన్ని నిమిషాలు క్రాష్ కాకుండా నడవాలి, ఇలా. బిల్డ్ పంపుతాం. పబ్లిషర్ తరఫు ప్రొడ్యూసర్ ఆడి, జాబితాలో టిక్కులు పెడతాడు. టిక్కులన్నీ పడితే ఆ విడత డబ్బు వస్తుంది. ఒకటి పడకపోతే ఆగుతుంది. జాబితాలో లేని పని, ఉదాహరణకు కథ సరిగా లేదని మళ్లీ రాసుకోవడం, ఆటకు ఎంత మేలు చేసినా ఆ విడత లెక్కలో నష్టమే. అందుకే ఆటలో ఏ భాగమైనా హడావుడిగా అతికించినట్టు అనిపిస్తే, దాని వెనక చాలాసార్లు సోమరితనం ఉండదు. ముందే రాసుకున్న ఒక తేదీ ఉంటుంది.

డెస్టినీలో సరిగ్గా అదే జరిగింది. 2013లో కథను చాలావరకు పక్కనపెట్టి మళ్లీ కట్టారని తర్వాత విలేకరుల కథనాల్లో వచ్చింది. హేలో కథల వెనకున్న జోసెఫ్ స్టేటన్ ఆ ఏడాదే బంజీ వదిలి వెళ్లారు. ఆట ఏడాది ఆలస్యంగా 2014 సెప్టెంబర్ 9న వచ్చింది. తుపాకీ పేల్చితే చేతికి తెలిసే ఆ హాయి ఇంకే ఆటలోనూ లేదు, కథ మాత్రం ముక్కలు ముక్కలుగా ఉంది. మీరు అప్పటి నుంచి ఆడుతున్నారు కాబట్టి అది మీకు నాకన్నా బాగా గుర్తుండాలి. మొదటిరోజు 50 కోట్ల డాలర్ల అమ్మకాలని యాక్టివిజన్ చాటుకుంది. సమీక్షల్లో మాత్రం 90 దరిదాపుల్లోకి కూడా వెళ్లలేదు.

ఎవరి మాట చెల్లుతుందో తెలియజెప్పే సంఘటన ఇంకోటి ఉంది. హేలో సంగీతం చేసిన మార్టీ ఓ'డానెల్‌కీ బంజీకీ మధ్య నడిచిన వివాదం. 2013లో ఈ3 అనే గేమింగ్ ప్రదర్శన కోసం తయారైన డెస్టినీ ట్రైలర్‌లో బంజీ సంగీతం తీసేసి యాక్టివిజన్ తనకు నచ్చింది పెట్టింది. అప్పటి బంజీ అధిపతి హెరాల్డ్ ర్యాన్ అభ్యంతరం చెప్పారు. యాక్టివిజన్ తోసిపుచ్చింది. ఓ'డానెల్ తర్వాతి ఏడాది ఏప్రిల్‌లో ఉద్యోగం కోల్పోయారు, షేర్ల విషయంలో మధ్యవర్తి తీర్పు ఆయనకు అనుకూలంగా వచ్చింది. ఎవరిది తప్పన్న చర్చలోకి నేను వెళ్లను. కాగితం మీద బంజీ అప్పుడు స్వతంత్ర కంపెనీ. ఆట హక్కులు దానివే. అయినా తన ఆట ట్రైలర్‌లో ఏ సంగీతం వినిపించాలో తేల్చుకునే అధికారం దానికి లేదు. ప్రచారం ఖర్చు పెట్టేది పబ్లిషర్, చివరి మాట కూడా అతనిదే.

ర్యాన్ 2016 జనవరిలో తప్పుకున్నారు, పీట్ పార్సన్స్ సీఈవో అయ్యారు. అన్నట్టు, ర్యాన్ తర్వాత ప్రాబబ్లీమాన్‌స్టర్స్ అనే కంపెనీ పెట్టారు. దాని కింద మొదలైన ఫైర్‌వాక్ స్టూడియోని 2023లో సోనీ కొన్నది. 2024 ఆగస్టులో వచ్చి రెండు వారాలకే మూతపడిన కాంకర్డ్ అనే ఆట వాళ్లదే. సియాటిల్ చుట్టుపక్కల గేమింగ్ ప్రపంచం అంత చిన్నది, అదే మనుషులు వేరే బోర్డుల కింద మళ్లీ కనిపిస్తుంటారు. బెల్వ్యూ, రెడ్‌మండ్‌లలో మన తెలుగువాళ్లు ఇంతమంది ఉన్నారు కాబట్టి ఈ మాట చదివేవాళ్లలో కొందరికి ఇది కళ్లముందు విషయమే.

2018కి వచ్చేసరికి సంబంధం చెడింది. డెస్టినీ రెండో ఆట డెస్టినీ 2కి వచ్చిన ఫర్‌సేకెన్ ఎక్స్‌పాన్షన్ ఆటగాళ్లకు బాగా నచ్చింది. కానీ ఆ నవంబరులో యాక్టివిజన్ పెద్దలు ఇన్వెస్టర్లతో మాట్లాడుతూ అది తమ అంచనాలను అందుకోలేదన్నారు. డెస్టినీ డైరెక్టర్ లూక్ స్మిత్ ఫర్‌సేకెన్ విషయంలో తమకే అసంతృప్తీ లేదని బహిరంగంగానే చెప్పారు. అప్పటికే, 2018 జూన్‌లో, చైనా కంపెనీ నెట్‌ఈజ్ 10 కోట్ల డాలర్లకు పైగా పెట్టి బంజీలో చిన్న వాటా తీసుకుంది. ఆ పెట్టుబడి ఎందుకో ఆర్నెల్ల తర్వాత అందరికీ అర్థమైంది. 2019 జనవరి 10న యాక్టివిజన్‌తో విడిపోతున్నట్టు ప్రకటించారు. ఈసారి ఆట బంజీతోనే వచ్చింది. తొమ్మిదేళ్ల ముందు పట్టుబట్టి రాయించుకున్న ఆ ఒక్క షరతు ఆ రోజు స్టూడియోని కాపాడింది. ఆఫీసులో షాంపేన్ సీసాలు తెరిచారని అప్పట్లో వార్తలొచ్చాయి.

ఇక్కడ ఆటగాళ్లు తరచూ మర్చిపోయే విషయం ఒకటుంది. యాక్టివిజన్ డబ్బుతోపాటు చేతులు కూడా ఇచ్చింది. డెస్టినీ 2 పీసీ రూపం, వార్‌మైండ్ అనే అదనపు భాగం వంటి వాటిలో వికేరియస్ విజన్స్, ఫర్‌సేకెన్‌లో హై మూన్ స్టూడియోస్ పనిచేశాయి. రెండూ యాక్టివిజన్ స్టూడియోలే. విడిపోయాక ఆ వందల మంది సాయం లేదు. పాత వేగంతో కొత్త కంటెంట్ ఇవ్వడం కుదరదని స్మిత్ 2019 వేసవిలో రాసిన సుదీర్ఘ లేఖల్లో చెప్పారు. 2019 అక్టోబరులో ఆట పీసీ మీద స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణానికి మారింది, మొదటి భాగాలు ఉచితమయ్యాయి. 2020 నవంబరులో బియాండ్ లైట్ ఎక్స్‌పాన్షన్ వచ్చినప్పుడు మార్స్, మెర్క్యురీ గ్రహాలూ, టైటన్, అయో ఉపగ్రహాలూ, డబ్బు పెట్టి కొన్న డెస్టినీ 2 మొదటి కథ రెడ్ వార్ కూడా ఆటలోంచి మాయమయ్యాయి. ఆటగాడిగా ఆ నిర్ణయం నాకు ఇప్పటికీ బాధే. లోపలి మనిషిగా చూస్తే, అంత పెద్ద ఆటను అన్ని మెషీన్ల మీదా పరీక్షిస్తూ నిలబెట్టే మనుషులు అప్పుడు వాళ్లకు లేరు. స్వతంత్రం ఖరీదు మీరు కొన్న కంటెంట్ రూపంలో కట్టారు. అది న్యాయం కాదు, కానీ కారణం అదే.

ఆ తర్వాత బంజీ నడిచిన దారి మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. 2019 నుంచి 2021 దాకా దాని చరిత్రలో అరుదైన స్థితి: సొంత ఆట, సొంత పబ్లిషింగ్, ఆటగాళ్ల నుంచి నేరుగా వచ్చే రాబడి. అక్కడ ఆగి, డెస్టినీ ఎంత మందిని పోషించగలదో అంతమందితోనే సాగి ఉంటే కథ వేరేగా ఉండేది. డెన్మార్క్‌లో ఐవో ఇంటరాక్టివ్ అలా చేసింది. 2017లో స్క్వేర్ ఎనిక్స్ చేతులెత్తేస్తే, సంస్థ పెద్దలే స్టూడియోని కొనుక్కున్నారు, హిట్‌మన్ హక్కులతో సహా బయటికొచ్చారు. ఆ తర్వాత ఒక్క హిట్‌మన్ మీదే ఏళ్లతరబడి ఓపికగా పనిచేశారు. 2021లో హిట్‌మన్ 3 తయారీ ఖర్చు వారంలోనే తిరిగొచ్చిందని ప్రకటించుకున్నారు. బంజీ ఇందుకు పూర్తిగా విరుద్ధంగా, ఒక్క ఆట రాబడి మీద అనేక కొత్త ఆటలు మొదలుపెట్టింది. మనుషులను తీసుకుంటూ పోయింది. అలా పెరిగే స్టూడియోకి నెలనెలా జీతాల బిల్లు పెరుగుతుంది, రాబడి మాత్రం ఒకే చోటి నుంచి వస్తుంది. ఆ తేడా పూడ్చడానికి మళ్లీ ఎవరో ఒకరు కావాలి.

2022 జనవరి 31న సోనీ వచ్చింది, 360 కోట్ల డాలర్లతో. మైక్రోసాఫ్ట్ యాక్టివిజన్‌ను కొంటున్నానని చెప్పి రెండు వారాలు కూడా కాలేదు. ఆ 360 కోట్లలో సుమారు 120 కోట్లు ఉద్యోగులను నిలబెట్టుకోవడానికని సోనీయే చెప్పింది. లైవ్ సర్వీస్ ఆటలు, అంటే విడుదలయ్యాక కూడా ఏళ్లతరబడి కొత్త కంటెంట్ ఇస్తూ నడిపే ఆటలు, చేయడం తెలిసిన స్టూడియో తనకు కావాలి, 2026 మార్చిలోగా పదికి పైగా అలాంటి ఆటలు తేవాలన్నది అప్పటి లక్ష్యం. బంజీ స్వతంత్రంగానే ఉంటుంది, దాని ఆటలు ఎక్స్‌బాక్స్‌లో కూడా వస్తాయి, సొంత బోర్డు ఉంటుందని అందరూ హామీ ఇచ్చారు. ఆర్థిక లక్ష్యాలు తప్పితే ఆ బోర్డు మీద సోనీకి పట్టు వస్తుందని తర్వాత వార్తలొచ్చాయి.

మీ రెండో ప్రశ్న, లోపల ఏం మారుతుందన్నది ఇక్కడ చెప్తాను. మొదటి కొన్ని నెలలు ఏమీ మారదు. కొత్త యజమాని వచ్చి అందరితో మాట్లాడతాడు, మీ సంస్కృతి మాకు నచ్చే కొన్నామంటాడు. అబద్ధం కూడా కాదు, ఆ క్షణంలో నిజంగానే అంటాడు. మార్పు ఫైనాన్స్ నుంచి మొదలవుతుంది. నేను పనిచేసిన స్టూడియోలో ఒక యానిమేటర్ మానేస్తే ఆ స్థానంలో ఇంకొకరిని తీసుకోవడం అంతకుముందు మా లీడ్ (టీము పెద్ద) ఒక్క మెయిల్‌తో తేల్చే పని. అమ్మకం తర్వాత అదే పని వేరే దేశంలో ఉన్న మనిషి సంతకానికి వెళ్లింది. ఆయన చెడ్డవాడేం కాదు, ఆయనకు మా ఆటలో ఆ పాత్ర నడక ఎందుకు బాగాలేదో తెలియదంతే. ఖాళీ అలాగే ఉండిపోయింది, ఉన్నవాళ్లు రాత్రుళ్లు కూర్చున్నారు. తర్వాత విడుదల తేదీ. ఆట ఎప్పుడు సిద్ధమవుతుందన్న చర్చలోకి కొత్త యజమాని ఆర్థిక సంవత్సరం ఎప్పుడు ముగుస్తుందన్నది వచ్చి కూర్చుంటుంది. సోనీ లెక్కల సంవత్సరం మార్చితో అయిపోతుంది. 1994 నాటి పేరుతోనే బంజీ చేపట్టిన కొత్త ఆట మారథాన్ 2025లో వాయిదా పడ్డాక కొత్త తేదీ గురించి సోనీ ఏమన్నదో గమనించండి: 2026 మార్చితో ముగిసే ఆర్థిక సంవత్సరంలోపే అని.

2023లో లైట్‌ఫాల్ అనే డెస్టినీ 2 ఎక్స్‌పాన్షన్ ఆటగాళ్లను నిరాశపరిచింది. ఆ అక్టోబరులో దాదాపు 100 మందిని తీసేశారు. రాబడి అంచనాలకన్నా 45 శాతం తగ్గిందని వార్తలొచ్చాయి. తర్వాతి ఎక్స్‌పాన్షన్ ఫైనల్ షేప్ 2024 జూన్‌కి వాయిదా పడింది. అది వచ్చింది, అందరూ మెచ్చుకున్నారు, రెండు నెలలు తిరక్కుండా జులై 31న ఇంకో 220 మందికి, అంటే 17 శాతం మందికి ఉద్యోగాలు పోయాయి. 155 ఉద్యోగాలు సోనీలోకి మారాయి. ఒక కొత్త ఆట చేస్తున్న టీమంతా వేరే స్టూడియోగా విడిపోయింది. ఒకేసారి చాలా ప్రాజెక్టులు మొదలుపెట్టి మనుషులను పలచగా సర్దామనీ, నష్టాల్లోకి వెళ్లామనీ పార్సన్స్ తన లేఖలోనే ఒప్పుకున్నారు. మంచి ఆట చేసి ఇచ్చిన మనుషులు, ఆ ఆట మెప్పు పొందిన వేసవిలోనే వీధిన పడ్డారు. వాళ్లలో ఎవరూ ప్రాజెక్టులు ఎన్ని మొదలుపెట్టాలో నిర్ణయించినవాళ్లు కారు. దీని మీద నా కోపం తగ్గలేదు.

మారథాన్ 2025 సెప్టెంబరు నుంచి వాయిదా పడింది. దానికి ముందే, ఒక స్వతంత్ర కళాకారిణి బొమ్మలు అనుమతి లేకుండా ఆటలో వాడారన్న విషయం బయటపడి, బంజీ ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ ఆగస్టులో సోనీ ఆర్థికాధికారి లిన్ టావో, బంజీకి మొదట్లో ఇచ్చిన స్వతంత్రత తగ్గుతోందనీ, అది క్రమంగా సోనీ సొంత ఆటల విభాగం ప్లేస్టేషన్ స్టూడియోస్‌లో భాగమవుతోందనీ చెప్పారు. అదే నెల 21న పార్సన్స్ తప్పుకున్నారు, జస్టిన్ ట్రూమన్ వచ్చారు. నవంబరులో సోనీ బంజీ ఆస్తుల విలువను సుమారు 3,150 కోట్ల యెన్లు తగ్గించి రాసుకుంది. కొన్నప్పుడు పెట్టుకున్న ఆశలను అమ్మకాలు, ఆటగాళ్ల సంఖ్య అందుకోలేదన్నది వాళ్లిచ్చిన కారణం.

ఇక మీ మూడో ప్రశ్న. ట్రూమన్ బయటినుంచి తెచ్చిన మనిషి కాదు. డెస్టినీ తొలినాళ్ల నుంచి అక్కడే ఉన్నారు, డెస్టినీ 2కి జనరల్ మేనేజర్‌గా పనిచేశారు. ఆటను వారంవారం నడపడంలో కష్టం తెలిసినవారు. అది మంచిదే. కానీ 2007లో బంజీ అధిపతికి ఉన్న అధికారం ఆయనకు లేదు. అప్పుడు తర్వాతి ఆట ఏదో, ఎవరి డబ్బుతో చేయాలో బంజీయే తేల్చుకుంది. ఇప్పుడు ఎన్ని ప్రాజెక్టులు, ఎంతమంది మనుషులు అన్న ప్రశ్నలకు జవాబు ప్లేస్టేషన్ స్టూడియోస్ పెద్దలతో కూర్చుని తేల్చుకోవాలి. కొత్త సీఈవో ఉన్న బడ్జెట్‌ని ఏ ఆట వైపు మళ్లించాలో చెప్పగలరు. బడ్జెట్ ఎంతో మాత్రం ఆయన చేతిలో లేదు. కాబట్టి డెస్టినీ 2 బాగుపడుతుందా అంటే, మారథాన్ తన జీతాలు తాను సంపాదించుకుంటుందా అన్న దాని మీద చాలావరకు ఆధారపడి ఉంది. సంపాదించుకుంటే డెస్టినీ టీముకు ఊపిరాడుతుంది. లేకపోతే డెస్టినీ రాబడి మళ్లీ రెండు ఆటలను మోయాలి.

సీఈవో పేరు కన్నా మూడు విషయాలు గమనిస్తే మీకు ఎక్కువ తెలుస్తుంది. ఏటా ఎన్ని పెద్ద ఎక్స్‌పాన్షన్లు ఇస్తామంటున్నారు, ఆ సంఖ్య తగ్గితే టీము తగ్గిందనే అర్థం. బంజీ వెబ్‌సైట్‌లో ఉద్యోగ ప్రకటనలు ఏ ఆటకు వస్తున్నాయి. సోనీ మూడు నెలలకోసారి ఇచ్చే ఫలితాల్లో బంజీ ప్రస్తావన లాభం వైపు ఉందా, విలువ తగ్గింపు వైపు ఉందా. ఇవేవీ రహస్యాలు కావు, ఎవరైనా చూసుకోవచ్చు.

చివరగా, ప్రశ్న కింద ఒకరు హైదరాబాద్‌లో గేమింగ్ ఉద్యోగం చూస్తున్నానని, ఇదంతా చదివితే భయంగా ఉందని రాశారు. హైదరాబాద్‌లోనూ ఆఫీసు ఉన్న ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌ని 5,500 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు 2025 సెప్టెంబరులో సౌదీ పెట్టుబడి నిధి, సిల్వర్ లేక్, అఫినిటీ పార్ట్‌నర్స్ ప్రకటించాయి. అందులో 2,000 కోట్లు అప్పు. ఆ అప్పు వడ్డీ ఎక్కణ్నుంచి వస్తుందన్నదే అక్కడా చూడాల్సిన విషయం. ఇంటర్వ్యూలో మీరు అడగడానికి సిగ్గుపడాల్సిన పనిలేని ప్రశ్నలు ఇవి: ఈ టీము ఖర్చు ఏ ఆట రాబడిలోంచి వస్తోంది, ఆ ఆటకు నిధులు ఏ నెల దాకా ఖరారయ్యాయి, ఖాళీ అయిన ఉద్యోగం నింపాలంటే ఎవరి సంతకం కావాలి. మంచి లీడ్ ఎవరైనా వీటికి సూటిగా జవాబిస్తారు, కనీసం మూడోదానికైనా. మూడిటికీ దాటవేత ఎదురైతే ఆ ఆఫర్ తీసుకునేముందు చేతిలో ఉన్న ఉద్యోగం వదలకండి.